ముగ్గురూ కలిసే వెళ్ళండి: చిన్న టీమ్ అడ్వెంచర్ రేసుల్లో మజా ఎక్కడుంది

నార్త్ కరొలైనాలోని కేరీలో ఉంటాం, దగ్గర్లో జరిగే 5 గంటల అడ్వెంచర్ రేసుకి, అంటే మ్యాపు చూసుకుంటూ కాలినడకన, సైకిల్ మీద, పడవలో తిరిగి చెక్‌పాయింట్లు వెతికే పోటీకి, నేనూ, మా ఆవిడా, మా బావమరిదీ టీమ్‌గా పేరిద్దామా అని ఆలోచిస్తున్నాం, కానీ సందేహంగా ఉంది అని రాశారు. మీరు హాఫ్ మారథాన్లు పరిగెత్తుతారు. ఆవిడకి రోజూ నడక తప్ప పరుగు అలవాటు లేదు. బావమరిది సైకిల్ గట్టిగా తొక్కుతాడు కానీ ఈత రాదు. ఇలాంటి టీమ్‌తో గెలిచేది ఎలాగూ లేదు, అలాంటప్పుడు ఇందులో మజా ఏముంటుంది, నేనొక్కణ్ణే సోలో విభాగంలో వెళ్తే నయం కదా అన్నది మీ ప్రశ్న.

నార్త్ కరొలైనా, వర్జీనియా అడవుల్లో చాలా ఏళ్ళుగా ఈ రేసులు చేస్తున్నాను. కొన్నిటికి వాలంటీరుగా వెళ్ళి తెల్లవారుజామునే చెక్‌పాయింట్ల దగ్గర జెండాలు కట్టి వచ్చాను. నా మాట సూటిగా చెప్తున్నాను: ముగ్గురూ కలిసే వెళ్ళండి. ఒకరు పరుగు, ఒకరు నడక, ఒకరు సైకిలు అని మీరు లోపంగా రాసినదే ఈ ఆటకి కావలసిన సరుకు.

రోడ్డు పరుగుకి అలవాటు పడ్డవాళ్ళకి మొదట వింతగా అనిపించేది ఇక్కడ దారి గుర్తులు ఉండకపోవడం. రిబ్బన్లు, బాణాలు, మలుపు దగ్గర నిలబడి ఇటు వెళ్ళండని చెయ్యి చూపించే మనిషి, ఇవేవీ ఉండవు. మొదలయ్యే ముందు మ్యాపు చేతికిస్తారు. దాని మీద పాతికో ముప్ఫయ్యో చిన్న వృత్తాలుంటాయి. ఒక్కో వృత్తం నడుమ, నిజం అడవిలో, నారింజ, తెలుపు రంగుల జెండా ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఒక్కో వైపు 30 సెంటీమీటర్లుండే మూడు పలకల గుడ్డ అది. ఆ జెండా ఉన్న చోటే చెక్‌పాయింటు. కొన్నిటి దగ్గరికి కాలినడకన, కొన్నిటికి మౌంటెన్ బైక్ మీద, కొన్నిటికి సరస్సులో పడవ వేసుకుని వెళ్ళాలి. జీపీఎస్ వాడకూడదు. ఫోనుని కవర్లో పెట్టి మూసి సంచీ అడుగున పడేస్తారు, ఎవరికైనా ప్రమాదం జరిగితేనే తియ్యాలి. ఏ చెక్‌పాయింటు దగ్గరైనా ముగ్గురూ కలిసి ఉండాలి. దారిలో కూడా ఒకరికొకరు కనిపించేంత దూరంలోనో, నిబంధనల్లో రాసినన్ని మీటర్ల లోపలో ఉండాలి. ఒకరిని ముందు పంపించి, అక్కడున్న పంచ్‌తో కార్డు మీద ముద్ర వేయించుకొస్తే టీమ్‌ని పోటీలోంచి తీసేస్తారు.

ఈ చివరి నిబంధన చుట్టూనే ఆటంతా తిరుగుతుంది. టీమ్ టైమ్ అంటే చివర గీత దాటిన మనిషి టైమ్. మీరు ఎంత వేగంగా పరిగెత్తినా, ఆవిడ వచ్చేదాకా ఆ వేగానికి విలువ లేదు. కాబట్టి మీ దగ్గర మిగిలిపోయిన బలాన్ని ఆవిడ దగ్గరికి ఎలా చేరవేస్తారన్నది అసలు ప్రశ్న అవుతుంది. సోలోలో ఈ ప్రశ్నే పుట్టదు. అక్కడ మీరు పరిగెత్తుతారు, అలుస్తారు, ఆగుతారు. అది మీకు ఇప్పటికే తెలిసిన సంగతి.

ఈ ఆట వెనకాల కొంచెం చరిత్ర ఉంది. 1983లో న్యూజిలాండ్‌లో రాబిన్ జడ్కిన్స్ అనే ఆయన దక్షిణ దీవిని పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా పరుగు, సైకిలు, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) మీద దాటే కోస్ట్ టు కోస్ట్ పోటీ మొదలుపెట్టాడు. మొత్తం 243 కిలోమీటర్లు. 1989లో ఫ్రెంచి పాత్రికేయుడు జెరార్ ఫ్యుజిల్ అదే దేశంలో రెయిడ్ గొల్వాజ్ నడిపాడు. టీమ్‌కి ఐదుగురు, అందులో కనీసం ఒక మహిళ ఉండి తీరాలన్న నియమం దానితోనే గట్టిపడింది. మార్క్ బర్నెట్ 1995లో యూటాలో ఎకో-ఛాలెంజ్ పెట్టి ఈ ఆటని టీవీలోకి తెచ్చాడు. 2019లో ఫిజీలో జరిగిన దానికి 66 టీములు వచ్చాయి, న్యూజిలాండ్ టీమ్ గెలిచింది. ఎవరెస్ట్ ఎక్కిన కవల అక్కచెల్లెళ్ళు తాషీ, నుంగ్షీ మలిక్‌ల ఖుక్రీ వారియర్స్ టీమ్ మన దేశం నుంచి ఆ పోటీకి వెళ్ళిన మొదటి టీమ్.

అవన్నీ రోజుల తరబడి సాగేవి. అమెరికాలో 1990ల చివర్లో హై-టెక్ పేరుతో ముగ్గురేసి సభ్యుల చిన్న రేసుల వరస వచ్చింది. పరుగు, సైకిలు, కయాకులతో పాటు ముగ్గురూ సాయం పట్టుకుంటే తప్ప ఎక్కలేని ఎత్తు గోడలాంటి పరీక్షలు మధ్యలో పెట్టేవాళ్ళు. ఇప్పుడు స్టేట్ పార్కుల్లో జరిగే 3 నుంచి 6 గంటల స్ప్రింట్ రేసులు ఆ దారిలో వచ్చినవే. మీరు పేరివ్వబోయేది ఈ కోవలోదే. పొద్దున మొదలవుతుంది, మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోతుంది.

పెద్ద రేసులూ చేశాను, చిన్నవీ చేశాను. మజా సంగతి అడిగితే చిన్నదానికే నా ఓటు. పొడవు రేసులో రెండో రాత్రికి ఎవరికీ మాట రాదు. నిద్ర చాలక, పాదాలు నాని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నడుస్తారు. అందులో గొప్పతనం ఉంది, కాదనను. కానీ 5 గంటల రేసులో ముగ్గురి బుర్రలూ చివరిదాకా పని చేస్తూనే ఉంటాయి. మాట ఆగదు. ఈ గట్టు ఎక్కుదామా, చుట్టూ తిరిగి పోదామా? ఆ చెక్‌పాయింటు వదిలేద్దామా? నీళ్ళు ఎన్ని మిగిలాయి? పైగా ప్రతి నిర్ణయానికీ ఫలితం పది నిమిషాల్లోనే చేతికొస్తుంది. ఐదు రోజుల రేసులో పావుగంట పోతే ఎవరూ గుర్తుపెట్టుకోరు. 5 గంటల్లో పావుగంటంటే నాలుగైదు టీములు మిమ్మల్ని దాటి వెళ్ళిపోయినట్టే.

ఒక్క చెక్‌పాయింటు ఎలా దొరుకుతుందో దగ్గర్నుంచి చెప్తాను, మీకు బాగా తెలుస్తుంది. జోర్డాన్ లేక్ వైపు ఒక ఫిబ్రవరిలో మేం ముగ్గురం, అంటే నేనూ, మా ఆయనా, మా ఆడపడుచూ. ఆకులన్నీ రాలిపోయి అడవి చాలా దూరం కనిపిస్తోంది, కానీ నేలంతా మోకాలి కింది దాకా ఎండాకు. మ్యాపులో చెక్‌పాయింటు ఒక చిన్న పల్లంలో ఉంది. రెండు గట్ల నడుమ వాన నీళ్ళు కోసుకుపోయిన సన్నటి లోయ అన్నమాట. చిక్కేమిటంటే పక్కపక్కనే అలాంటివి రెండున్నాయి, చూడ్డానికి రెండూ ఒకటే. కాలిబాట మలుపు దగ్గర ఆగి లెక్క వేశాం. అక్కణ్ణుంచి మ్యాపు మీద రెండున్నర సెంటీమీటర్లు, అంటే 1:10,000 స్కేలులో 250 మీటర్లు. మా ఆయన కంపాసు పట్టుకుని దిక్కు చూపిస్తున్నాడు, నేను అడుగులు లెక్కపెడుతున్నాను, మా ఆడపడుచు మ్యాపూ నేలా రెండూ చూస్తోంది.

మాకంటే ముందు వచ్చిన మరో టీమ్ మొదటి పల్లంలోకి పరుగున దిగి వెతుకుతోంది. గట్టిగా మాట్లాడుకుంటూ, పడిపోయిన చెట్ల వెనకాల చూస్తూ తిరుగుతున్నారు. మా కాళ్ళు కూడా అటే లాగాయి. పదిమంది వెతికే చోటే వస్తువు ఉంటుందని మనసు నమ్మేస్తుంది. అప్పుడు మా ఆడపడుచు చెయ్యెత్తి ఆపింది. "వదినా, ఇది కాదు. మ్యాపులో వాగు కిందకి దిగుతూ ఎడమకి తిరగాలి. ఇది కుడికి తిరుగుతోంది" అంది. నా లెక్కలో ఇంకా 70 మీటర్లు మిగిలి ఉన్నాయి. మా ఆయన కంపాసు సూది కూడా గట్టు అవతలికే చూపిస్తోంది. మూడు సంగతులూ ఒకే మాట చెప్పాయి. గట్టు ఎక్కి అవతలికి దిగాం. వేళ్ళతో సహా కూలిన పెద్ద ఓక్ చెట్టు మొదలు వెనకాల జెండా. దారానికి కట్టిన ఎర్ర ప్లాస్టిక్ పంచ్‌తో కార్డు మీద నొక్కితే దాని సూదులు గుచ్చుకుని చిన్న చుక్కల ముద్ర పడింది. ఆ గడిలో పడ్డ చుక్కల్ని వేలితో తడిమి చూశాం. అరవలేదు, ఎందుకంటే అరిస్తే అవతలి టీమ్‌కి చోటు తెలిసిపోతుంది. ముగ్గురం ఒకరి భుజం ఒకరం గట్టిగా నొక్కుకున్నాం, అంతే, మళ్ళీ పరుగు.

మా ఆడపడుచు పరుగులో మా ఇద్దరికంటే బాగా నెమ్మది. మా టీమ్‌లో నావిగేటర్, అంటే మ్యాపు చూసి దారి చెప్పే మనిషి, ఆవిడే. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి చుట్టూ చూసే తీరిక ఉంటుంది. ఆయాసంలో ఉన్న మనిషికి మ్యాపు చదవడం నిజంగా కష్టం. గుండె గట్టిగా కొట్టుకుంటున్నప్పుడు మ్యాపులో ఎత్తుపల్లాలు చూపించే కాంటూరు గీతలు కళ్ళ ముందు కలిసిపోతాయి. అందుకే మీ ఆవిడ నడక అలవాటు గురించి దిగులు పడొద్దంటున్నాను. మ్యాపు ఆవిడ చేతికివ్వండి. ఏ దారిన వెళ్ళాలో ఆవిడ చెప్పాలి. మీరు ఆవిడ సంచీ కూడా మొయ్యండి.

సంచీ దగ్గర మొదలుపెట్టి ఇంకొంచెం ముందుకి వెళ్దాం. ఈ రేసుల్లో చాలాచోట్ల ఒకరినొకరు తాడుతో లాగొచ్చు. సాగే రబ్బరు తాడు ఒకటి బలమున్నవాళ్ళ సంచీకి కడతారు, కొస నెమ్మదిగా ఉన్నవాళ్ళ నడుముకి తగిలిస్తారు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ కొద్దిపాటి లాగుడు చాలా తేడా చూపిస్తుంది. సైకిల్ మీద కూడా ఇదే పని. కంకర రోడ్డు మీద మీ బావమరిది ముందు, మీరు వెనక, మధ్యలో తాడు. బావగారిని బావమరిది లాక్కుపోతుంటే మొదట మీకు కొంచెం ఇబ్బందిగా ఉండొచ్చు. మగవాళ్ళ టీముల్లో తాడు సంచీలోనే ఉండిపోవడం, చివరికి ఒకరు కూలబడ్డాక తియ్యడం వాలంటీరుగా ఎన్నోసార్లు చూశాను. మంచి టీములు తొలి ఎత్తు దగ్గరే, ఎవరూ అలవకముందే తాడు తగిలిస్తాయి. ఎవరు ఎవరిని లాగుతున్నారన్నది గంట గంటకీ మారుతుంది. పరుగులో మీరు లాగుతారు, సైకిల్ మీద అతను, దారి తప్పకుండా మీ ఇద్దర్నీ ఆవిడ. ఇంట్లో, ఆఫీసులో ఇలాంటి సాయం తీసుకోవాలంటే మనకి నోరు రాదు. ఇక్కడ అది ఆటలో భాగం కాబట్టి సునాయాసంగా వచ్చేస్తుంది. మీ ముగ్గురి మధ్య ఇది జరిగిన రోజున మజా ఏమిటని మళ్ళీ అడగరు.

గెలుపు సంగతి. చిన్న రేసుల్లో చాలావాటికి అన్ని చెక్‌పాయింట్లూ తప్పనిసరి కాదు. కొన్ని తప్పనిసరి, మిగిలినవి మీ ఇష్టం. ఎక్కువ చెక్‌పాయింట్లు తెచ్చిన టీమ్ పైన, సమానమైతే ముందు వచ్చిన టీమ్ పైన. గడువు దాటితే ప్రతి నిమిషానికో, కొన్ని నిమిషాలకోసారో ఒక్కో చెక్‌పాయింటు కోసేస్తారు. ఈ పద్ధతికి మూలం రోగైనింగ్ అనే ఆట, 1976లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ దగ్గర మొదలైంది. దీనివల్ల ప్రతి టీమ్ తన స్థాయికి తగిన రేసు తనే తయారు చేసుకుంటుంది. అన్నీ తెచ్చే టీములు కొన్నే ఉంటాయి, మొదటి స్థానాల పోటీ వాళ్ళ మధ్య. మిగతా అందరికీ ఏది వదలాలో తెలియడమే విద్య. మూలన ఎక్కడో ఒకటి, ఎత్తైన గట్టు మీద, దాని కోసం వెళ్ళి రావడానికి 40 నిమిషాలు. అదే 40 నిమిషాల్లో సరస్సు ఒడ్డున మూడు దొరుకుతాయి. పరుగు బలం చూసుకుని మూల దానికి ఎగబడ్డ టీమ్‌ని, నడుస్తూ ఒడ్డు వెంట పోయిన టీమ్ దాటేయడం మామూలే. ఇద్దరు మగవాళ్ళు, ఒక మహిళ ఉన్న టీములది వేరే విభాగం, మీరు పోటీపడేది వాళ్ళతో. మొదటి రేసుకే పతకం రాదు. అయినా "మనం వదిలిందీ, తెచ్చిందీ సరిగ్గా లెక్కేశాం" అనిపించే ఫలితం మీలాంటి టీమ్‌కి మొదటిసారే అందుతుంది.

పడవ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఈత రాదన్నారు కాబట్టి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవర్నీ నీళ్ళలోకి వదలరు. కానీ ఒంటి మీద జాకెట్ ఉంటే చాలదు, అది బిగువుగా ఉండాలి. బావమరిదికి జాకెట్ తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు లాగి, భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తండి. చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు, నీళ్ళలో పడితే తలమీంచి ఊడొస్తుంది. రేసుకి ముందే ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో అనుమతి అడిగి, జాకెట్ వేసుకుని ఒకసారి వెల్లకిలా తేలమనండి. జాకెట్ మనిషిని పైకి తేలుస్తుందని మనం ఎంత చెప్పినా నమ్మకం కుదరదు, శరీరానికి ఒకసారి తెలియాలి. అది తెలిశాక పడవలో అతను గట్టిగా బిగుసుకుపోకుండా కూర్చుంటాడు. బిగుసుకుపోయిన మనిషే పడవని ఊపుతాడు. రేసుతో సంబంధం లేకుండా ఈత కూడా నేర్చుకోమని చెప్పండి, పెద్దవాళ్ళకి నేర్పే తరగతులు వైఎంసీఏల్లో ఉంటాయి.

ముగ్గురికి సాధారణంగా 16, 17 అడుగుల కెనూ, అంటే తెడ్లతో నడిపే పైకప్పు లేని పడవ, ఇస్తారు. బావమరిదిని మధ్యలో కింద కూర్చోబెట్టండి, బరువు ఎంత కిందుంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. ముందు కూర్చున్నవాళ్ళు లయ ఇస్తారు, వెనకున్నవాళ్ళు దిశ చూసుకుంటారు. ముందూ వెనకా ఇద్దరూ చెరో వైపు తెడ్డు వెయ్యాలి. కొన్ని దెబ్బలకోసారి వెనకాయన "మార్చు" అనగానే ఇద్దరూ వైపు మార్చాలి. తెడ్డుని చేతులతో లాగితే పావుగంటలో భుజాలు పోతాయి. నడుము నుంచి ఒళ్ళు తిప్పుతూ వెయ్యాలి. మొదటి కాసేపు పడవ పాములా మెలికలు తిరుగుతుంది. ఉన్నట్టుండి ఒక చోట ముగ్గురి లయా కలుస్తుంది. నీటి కింద పడవ అడుగు సన్నగా సిర్రుమని చప్పుడు చేస్తుంది, ఒడ్డున చెట్లు వెనక్కి జరగడం కనిపిస్తుంది. ఆ ఒక్క కిలోమీటరు కోసమే పడవ ఉన్న రేసుల్ని ఏరుకుని మరీ వెళ్తాను.

తయారీకి జిమ్ కన్నా ముందు మ్యాపు నేర్చుకోండి. మ్యాపూ కంపాసుతో చెక్‌పాయింట్లు వెతికే ఆటని ఓరియెంటీరింగ్ అంటారు. మీ చుట్టుపక్కల బ్యాక్‌వుడ్స్ ఓరియెంటీరింగ్ క్లబ్ వాళ్ళు పోటీలు పెడుతుంటారు. అమెరికాలో ఓరియెంటీరింగ్ కోర్సులకి రంగుల పేర్లుంటాయి. తెలుపు మొదటి మెట్టు, పసుపు దాని పైది, నారింజ మధ్య స్థాయి. పసుపు కోర్సు ముగ్గురూ కలిసి నడవండి, నడుస్తూ గట్టిగా చదవండి: "కుడివైపు వాగు రావాలి, వచ్చింది. ఇప్పుడు బాట చీలాలి." ఆ తర్వాత నారింజ. కాంటూరు గీతలు చూడగానే కంటికి గట్టూ పల్లమూ లేచి కనిపించేదాకా ఇది వదలొద్దు. 100 మీటర్లకి మీ అడుగులెన్నో కొలుచుకోండి. కుడికాలు పడినప్పుడల్లా ఒకటి చొప్పున లెక్కిస్తే బాట మీద అరవై చిల్లర వస్తుంది, అడవిలో ఇంకా ఎక్కువ. ముగ్గురి లెక్కలూ వేరుగా ఉంటాయి, ఎవరిది వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఓరియెంటీరింగ్ మ్యాపుల్ని అయస్కాంత ఉత్తరానికి, అంటే కంపాసు సూది చూపించే ఉత్తరానికి, గీస్తారు కాబట్టి కంపాసు నేరుగా పెట్టి వాడొచ్చు. అడ్వెంచర్ రేసుల్లో కొన్నిసార్లు 1:24,000 ప్రభుత్వ సర్వే మ్యాపుల మీద ఆధారపడ్డవి ఇస్తారు, వాటిలో పైన ఉండేది నిజ ఉత్తరం, అంటే ఉత్తర ధ్రువం ఉన్న దిక్కు. మీ ప్రాంతంలో కంపాసు సూది దానికి దాదాపు 9 డిగ్రీలు పడమరకి చూపిస్తుంది. సరిదిద్దుకోకుండా 500 మీటర్లు నడిస్తే దాదాపు 80 మీటర్లు పక్కకి తేలతారు. అడవిలో 80 మీటర్లంటే జెండా కనబడనే కనబడదు. మ్యాపు చేతికి రాగానే ఉత్తరం ఏ ఉత్తరమో చూడమని మీ ఆవిడకి చెప్పండి. స్కేలు కూడా చూడాలి, ఒకే రేసులో కాలినడకకి ఒక మ్యాపు, సైకిలుకి మరో స్కేలు మ్యాపు ఇవ్వడం ఉంది.

సామాన్లు నిర్వాహకులు పంపే జాబితా ప్రకారం సర్దుకుంటే చాలు: విజిల్, వెండి రేకులాంటి ఎమర్జెన్సీ దుప్పటి, ప్రథమ చికిత్స సరంజామా, హెల్మెట్. బావమరిది రోడ్డు సైకిలు ఇంట్లోనే ఉంచమనండి, లావు టైర్ల మౌంటెన్ బైక్ అద్దెకి తెచ్చుకోవాలి. ట్యూబ్ మార్చడం ముగ్గురికీ రావాలి. మోకాళ్ళ దాకా వచ్చే మందపాటి సాక్సులు తప్పనిసరి, ముళ్ళ తీగలు కాళ్ళు చీరేస్తాయి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తగిలితే దురద రోజుల తరబడి వదలదు, ఇంటికి రాగానే సబ్బుతో బాగా కడుక్కోవాలి. పేలపురుగుల్లాంటి టిక్స్ కోసం ముందురోజే బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టండి, ఒంటికి మాత్రం కాదు. ఎండలు ముదిరాక కాపర్‌హెడ్ పాములుంటాయి. కూలిన చెట్టు మీద కాలు పెట్టి అవతల చూసుకుని దిగాలి, గుడ్డిగా దూకకూడదు. ఆకు రాలాక జరిగే రేసులు కొత్తవాళ్ళకి అన్నిరకాలా నయం: దూరం కనిపిస్తుంది, పురుగూ పుట్రా తక్కువ.

సరస్సు నీళ్ళు మాత్రం తాగొద్దు. 2000లో బోర్నియోలోని సబాలో జరిగిన ఎకో-ఛాలెంజ్‌లో సెగామా నది నీళ్ళలో దిగినవాళ్ళు చాలామందికి లెప్టోస్పైరోసిస్ వచ్చింది, మన దగ్గర ఎలుక జ్వరం అనేది అదే. మీ సరస్సులో అంత భయం లేదు, అయినా తాగే నీళ్ళు మోసుకెళ్ళండి. మనిషికి గంటకి అర లీటరు లెక్క. తిండికి ఎనర్జీ జెల్స్ కొనాల్సిన పని లేదు. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, జిప్ కవర్లో పిడికెడేసి పులిహోర ఉండలు. మూడో గంటకి నోరంతా తీపితో మొహం మొత్తినప్పుడు ఆ పులుపూ ఉప్పూ ప్రాణం లేపుతాయి. అరగంటకోసారి ముగ్గురిలో ఒకరు "తిన్నారా?" అని అడగాలి. ఎవరు అడగాలో ముందే అనుకోండి, లేకపోతే ఎవరూ అడగరు. చిరాకు పడుతున్న మనిషికి సాధారణంగా కావలసింది జవాబు కాదు, రెండు ఖర్జూరాలు.

చిరాకు మాట వచ్చింది కాబట్టి భార్యాభర్తల టీములకి నేను ఎప్పుడూ చెప్పే సంగతి ఒకటుంది. దారి తప్పడం ఖాయం, మంచి మంచి టీములూ తప్పుతాయి. అప్పుడు "నేను ముందే చెప్పాగా" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఆ మాట వచ్చాక మ్యాపు పట్టుకున్న మనిషి తర్వాతి అనుమానం బయటికి చెప్పడం మానేస్తుంది, దాంతో టీమ్ గుడ్డిదైపోతుంది. దాని బదులు ముగ్గురూ ఆగండి, గుండె దడ తగ్గనివ్వండి, "మనకి కచ్చితంగా తెలిసిన చివరి చోటు ఏది?" అని అడగండి. అక్కడికి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి. నిమిషం ఆగి ఆలోచిస్తే పోయేది నిమిషమే. ఊహ మీద ముందుకి పోతే పావుగంట పోతుంది. వాలంటీరుగా చెక్‌పాయింటు పక్కన కూర్చున్నప్పుడు టీములు వస్తుంటే మొదట వినబడేది వాళ్ళ గొంతులే. ఒకరితో ఒకరు మామూలుగా మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు నెమ్మదిగా నడుస్తున్నా సరే, ఫలితాల పట్టీలో పైనే కనిపిస్తారు.

మీరు ఇండియా వెళ్ళినప్పుడు కూడా సాధన ఆగనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు వెళ్తే కోట్‌పల్లి రిజర్వాయర్ ఉంది, కయాకింగ్ నడుస్తోందేమో ముందే కనుక్కోండి, పక్కనే అనంతగిరి కొండల్లో నడవడానికి కావలసినంత అడవి. పుణె దగ్గర సహ్యాద్రి కొండల్లో ఎండ్యూరో3 అని ముగ్గురేసి సభ్యుల రేసు 2003లో మొదలైంది, నడక, సైకిలు, నది దాటడం అన్నీ ఉంటాయి. మీ బావమరిది స్నేహితులు అక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళకి చెప్పండి.

ఇక చెయ్యవలసినవి. ఈ నెలలోనే ఓరియెంటీరింగ్ పసుపు కోర్సు, ఆ తర్వాత ఒక శనివారం కెనూ అద్దెకి తీసుకుని రెండు గంటలు, ఇంకోరోజు సైకిళ్ళ మీద తాడు కట్టి ఖాళీ కంకర రోడ్డు మీద లాగి చూడడం. తాడు తగిలించడం, విప్పడం ఆగకుండా చెయ్యగలిగేదాకా ఇంటి ముందే అభ్యాసం చెయ్యండి. ఫారంలో ఇద్దరు మగవాళ్ళు, ఒక మహిళ ఉండే ముగ్గురి విభాగం ఎంచుకోండి. కెప్టెన్ పేరు రాయమంటే మీ ఆవిడ పేరు రాయండి, మ్యాపు ఎవరి చేతిలో ఉంటుందో ఆఖరి మాట వాళ్ళదే అవ్వాలి.